ఫుల్ టవర్ క్యాబినెట్ కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు మినీ బైపాస్ పక్క సందులో ఒక గదిలో పీసీలు బిగిస్తుంటాను. ఒంగోలు, కావలి, కందుకూరు వైపు నుంచి కూడా పని వస్తుంటుంది. ప్రాసెసర్ ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది అన్నది జనం వీడియోలు చూసి ముందే ఖాయం చేసుకుని వస్తారు. క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి "పెద్దదిగా, గాజు పెట్టి, లైట్లతో ఉండాలన్నా" అంటారు, అంతే. ఫోన్లో చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా. మన వైపు పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనడం అలవాటు. ఈ పేజీలో క్యాబినెట్ అంటే లోపల ఏమీ లేని ఖాళీ పెట్టె.

ఫుల్ టవర్ అంటే ఎంత సైజు ఉండాలి?

ఇంత ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు. మదర్‌బోర్డుకు (భాగాలన్నీ తగిలించే పెద్ద సర్క్యూట్ బోర్డు) కొలత ఉంది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ., ఈ రోజుకీ అదే. పెట్టెకు అలాంటి లెక్క లేదు. వాడుకలో 45 నుంచి 50 సెం.మీ. ఎత్తుంటే మిడ్ టవర్, 55 దాటితే ఫుల్ టవర్ అనుకుంటారు. ఉదాహరణకు కోర్సెయిర్ 7000డీ ఎయిర్‌ఫ్లో ఎత్తు 60 సెం.మీ., లోతు 55 సెం.మీ. ఖాళీ పెట్టే పద్దెనిమిది కిలోల పైన ఉంటుంది. సామానంతా బిగించాక పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తినట్టే.

లెక్క లేదు కాబట్టి అమ్మేవాళ్లు కాస్త లావుగా ఉన్న ప్రతి పెట్టెనూ ఫుల్ టవర్ అనేస్తారు. పేరు వదిలేసి కొలతల పట్టిక చూడండి.

అసలు నాకు ఫుల్ టవర్ అవసరమా?

అడిగినవాళ్లలో ఎక్కువమందికి అక్కర్లేదనే చెబుతాను. ఒక గ్రాఫిక్స్ కార్డు, ఒకటో రెండో ఎం.2 ఎస్‌ఎస్‌డీలు (బోర్డుకే బిగించే చిన్న స్టోరేజ్ పట్టీలు), 360 రేడియేటర్ (మూడు 120 మి.మీ. ఫ్యాన్లు పట్టే, నీళ్లను చల్లబరిచే జాలీ) ఉన్న కూలర్, వీటితో సరిపెట్టుకునేవాళ్లకు గాలి బాగా ఆడే మిడ్ టవర్ చాలు. మిగిలిన డబ్బు మంచి ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) మీద పెట్టండి.

నిజంగా కావాల్సినవాళ్లలో ముందు వచ్చేది పెళ్లి వీడియోల స్టూడియోలవాళ్లు. ముహూర్తాలు మొదలయ్యాయంటే ఒక్కో పెళ్లికి రెండు మూడు కెమెరాలు, పైన డ్రోన్, అంతా 4కేలోనే. ఆల్బమ్ డబ్బులు పూర్తిగా చేతికొచ్చేదాకా ఏదీ డిలీట్ చెయ్యలేరు. అలా ఒక స్టూడియో ఆయన టేబుల్ మీద ఏడు ఎక్స్‌టర్నల్ డిస్కులు చూశాను. ఒక్కోదానికి ఒక అడాప్టరు, కింద రెండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు. ప్రతి డిస్కు మీదా తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద స్కెచ్ పెన్నుతో ఊరి పేరు, నెల. ఒకరోజు టీ గ్లాసు అందుకోబోతే మోచెయ్యి తగిలి ఒక అడాప్టరు ఊడింది. అప్పుడే కాపీ అవుతున్న డిస్కు మళ్లీ తెరుచుకోలేదు. అందులో ఉన్నది వేరేవాళ్ల పెళ్లి. తర్వాతి వారమే డిస్కులన్నీ ఒక పెద్ద పెట్టెలోకి మార్చాం. అలాంటివాళ్లకు ఫుల్ టవర్ అంటే బీరువా లాంటిది, సోకు కోసం కొనేది కాదు.

డిస్కుల కోసం కొనేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. పద్దెనిమిది డిస్కులు పడతాయని రాసి, డబ్బాలో ఆరు ట్రేలే ఇచ్చే పెట్టెలున్నాయి. మిగిలినవి విడిగా కొనాలి, అవేమో మన దగ్గర ఒక పట్టాన దొరకవు. రెండోది, ఈ మధ్య చాలా బోర్డుల మీద సాటా పోర్టులు (డిస్కు వైర్లు తగిలించే సాకెట్లు) నాలుగే ఉంటున్నాయి. ఎనిమిది డిస్కులు పెట్టాలంటే యాడ్-ఆన్ కార్డు కూడా లెక్కలో వేసుకోండి.

వీళ్లు కాక రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టి రెండరింగో, ఏఐ పనో చేసుకునేవాళ్లకు, సొంతంగా పైపులు వేసి వాటర్ లూప్ కట్టుకునే సరదా ఉన్నవాళ్లకు, పెద్ద వర్క్‌స్టేషన్ బోర్డు ఉన్నవాళ్లకు ఫుల్ టవర్ కావాలి. రెండు కార్డులవాళ్లు పెట్టె వెనక స్లాట్లు (కార్డుల చివరలు బయటికి వచ్చే సందులు) లెక్కపెట్టండి. మామూలు పెట్టెకు ఏడుంటాయి. ఇప్పటి కార్డులు ఒక్కోటి మూడు స్లాట్లు, కొన్ని ఇంకా ఎక్కువే తింటున్నాయి. కింది కార్డు బోర్డు అంచు దాటి కిందికి దిగుతుంది కాబట్టి ఎనిమిదో తొమ్మిదో ఉంటే నయం.

"ఈ-ఏటీఎక్స్ పడుతుంది" అని రాసి ఉంటే నమ్మొచ్చా?

సగమే నమ్మండి. ఈ-ఏటీఎక్స్ అంటే ఏటీఎక్స్ కంటే వెడల్పైన బోర్డు. ఈ-ఏటీఎక్స్ అసలు కొలత 305 × 330 మి.మీ. చాలా బోర్డులు 277 మి.మీ. వెడల్పుతోనే ఆ పేరు పెట్టుకుని వస్తాయి. పెట్టెల కంపెనీలు కూడా "280 మి.మీ. వరకే" అని కింద చిన్న అక్షరాల్లో రాస్తుంటాయి. మీ బోర్డు వెడల్పు, పెట్టె పట్టే వెడల్పు పక్కపక్కన పెట్టుకుని చూడండి. బోర్డు పట్టినా, వైర్లు వెనక్కి పంపే రంధ్రాల మీద అది కూర్చుంటే బిగించేటప్పుడు ఏడుపే.

కనెక్టర్లన్నీ బోర్డు వెనక వైపు ఉండే కొత్త రకం బోర్డు తీసుకుంటే, దానికి తగ్గ కటింగ్ ఉన్న పెట్టే కావాలి. మామూలు పెట్టెలో అది కూర్చోదు.

గ్రాఫిక్స్ కార్డు పడుతుందో లేదో ఎలా లెక్క వెయ్యాలి?

ఫోన్లు ఎక్కువ వచ్చేది దీని గురించే. పెట్టె పట్టికలో కార్డుకు 400 మి.మీ. జాగా అని ఉందనుకోండి. అది ముందు వైపు ఏమీ లేనప్పటి మాట. ముందు రేడియేటర్ పెడితే దాని మందం 27, ఫ్యాన్ల మందం 25, మొత్తం 52 మి.మీ. పోతుంది. మిగిలేది 348. ఎన్విడియా సొంతంగా చేసిన ఆర్‌టీఎక్స్ 4090 పొడవు 304 మి.మీ., హాయిగా పడుతుంది. అదే చిప్పుతో వేరే కంపెనీలు చేసిన కార్డుల్లో 357 దాటినవి ఉన్నాయి. అవి పట్టవు.

పొడవు చూసి వెడల్పు మరిచిపోతారు. ఆ కార్డులకు కరెంటు వైరు పక్క నుంచి దిగుతుంది. కనెక్టరు నుంచి 35 మి.మీ. దాకా వైరు నిటారుగా ఉండాలి, ఆ తర్వాతే వంచాలి. గాజు మూసేటప్పుడు వైరు నొక్కుకుపోతే కనెక్టరు సరిగ్గా కూర్చోక వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. గాజు ఎక్కట్లేదని మోకాలితో నెట్టి మూసినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

కూలర్ ఏది పెట్టుకోవాలి, గాలిదా నీళ్లదా?

ఫుల్ టవర్లో రెండూ పడతాయి. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 లాంటి పెద్ద గాలి కూలర్ ఎత్తు 165 మి.మీ.; చాలా ఫుల్ టవర్లకు అది ఇబ్బందే కాదు. నీళ్ల కూలరైతే రేడియేటర్ పైన పెట్టండి. ముందు పెట్టాల్సి వస్తే, రేడియేటర్ పైఅంచు ప్రాసెసర్ మీది పంపు కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే లోపలి గాలి బుడగలు పంపులోకి చేరి గురగురమంటుంది, పంపు త్వరగా పోతుంది. మూడు 140 ఫ్యాన్ల రేడియేటర్ పెట్టాలని ఆశ ఉంటే మాత్రం ఫుల్ టవర్ వైపు చూడటం మేలు, అది పట్టే మిడ్ టవర్లు కొన్నే.

పెట్టె పెద్దదైతే వేడి తగ్గుతుందా? మన ఎండాకాలం సంగతేంటి?

పెట్టె పెద్దదైనంత మాత్రాన తగ్గదు. లోపలికి గాలి వచ్చే దారి ఎంత ఉందన్నదే లెక్క. ముందు నిండా గాజు బిగించి, పక్కన వేలు దూరేంత సందు వదిలిన ఫుల్ టవర్ కంటే ముందంతా జల్లెడలా ఉన్న మిడ్ టవర్ చల్లగా ఉంటుంది. ఫ్రాక్టల్ టోరెంట్ లాంటి పెట్టెలు ముందు రెండు 180 మి.మీ. ఫ్యాన్లతో వస్తాయి. పెద్ద ఫ్యాన్ మెల్లగా తిరిగినా గాలి బాగా తోస్తుంది, చప్పుడూ తక్కువ.

రోహిణి కార్తెలో ఒంగోలులో పట్టపగలు తలుపులు వేసుకున్న గది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బయటి గాలి 42 డిగ్రీలుంటే లోపలి చిప్పు అంతకన్నా పైనే ఉంటుంది. ఏ ఫ్యానూ గది వేడి కంటే కిందికి దింపలేదు. ఇంకో మాట. ఆర్‌టీఎక్స్ 4090 ఒక్కటే 450 వాట్ల దాకా లాగుతుంది, పెద్ద ప్రాసెసర్ ఇంకో 250. బకెట్లో నీళ్లు కాచే రాడ్డు వెయ్యి వాట్లనుకుంటే, అందులో దాదాపు ముప్పాతిక వంతు వేడి మీ గదిలోకి ఊదుతున్నట్టు. మంచి క్యాబినెట్ చిప్పు దగ్గర వేడిని తీసి గదిలో పోస్తుంది, అంతవరకే దాని పని. గది వేడిని బయటికి పంపడం కిటికీ పనో, ఏసీ పనో.

పెట్టెను గోడకు ఆనించి, టేబుల్ కింది చెక్క అరలో దూర్చేవాళ్లకు ఏ పెట్టె కొన్నా ఒకటే. వెనక కనీసం జానెడు వదలండి.

దుమ్ము ఎక్కువ. ఏం చూసి కొనాలి?

మన రెండు జిల్లాల్లో నా మాట అడిగితే ఫిల్టర్లే ముందు, లైట్లు తర్వాత. రైసుమిల్లు పక్కన ఉంటే ఊక దుమ్ము, హైవే పక్కనుంటే లారీల మట్టి. అన్నిటికంటే మొండిది చీమకుర్తి వైపు గ్రానైట్ పొడి. గెలాక్సీ రాయి కోసే ఫ్యాక్టరీలకు దగ్గర్లోని ఒక ఇంటి నుంచి వచ్చిన పీసీ తెరిచినప్పుడు మదర్‌బోర్డు రంగు కనపడలేదు. బూడిద రంగు పౌడర్ అద్దినట్టు ఉంది. కూలర్ రెక్కల మధ్య పొడి, చెమ్మ కలిసి గట్టిపడి, టూత్‌బ్రష్ పెడితే పెచ్చులుగా ఊడింది. ఫ్యాన్ చేత్తో తిప్పితే పిండిమర తిప్పినట్టు బరబరమంది. ఆ పీసీకి వచ్చిన కంప్లయింట్ ఒక్కటే, "గేమ్ మధ్యలో ఆగిపోతోంది" అని.

ఫిల్టరు ముందు, కింద, పైన మూడు చోట్లా ఉండాలి. అది సులువుగా ఊడిరావాలి కూడా. కిందిది ముందు వైపు నుంచి సొరుగులా లాగేలా ఉంటే ఎంచుకోండి. ఇరవై కిలోల పెట్టెను గోడ దగ్గర నుంచి జరిపి, వెనక నుంచి లాగాలంటే మొదటి నెల చేస్తారు, రెండో నెల మరిచిపోతారు. షాపులో ఉంటే అక్కడే ఒకసారి ఊడదీసి చూడండి.

లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి తోసే వాటికంటే ఎక్కువుండాలి. అప్పుడు లోపల గాలి ఒత్తిడి కాస్త పెరిగి, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. అది తిరగబడితే ఫిల్టరు లేని ప్రతి సందులోంచీ దుమ్ము పీల్చుకుంటుంది. ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే అది గింగిరాలు తిరిగి బేరింగు పాడవుతుంది. పిల్లలకు ఆ చప్పుడు సరదా, ఫ్యాన్‌కు కాదు.

సముద్రం దగ్గర ఇల్లు. తుప్పు పడుతుందా?

పడుతుంది. మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం వైపు కిటికీ ఊచలు ఎలా అవుతాయో చూస్తూనే ఉన్నారుగా. రేకు మీద పౌడర్ కోటింగు ఉన్నంత మేర పెద్ద భయం లేదు. స్క్రూలు ఎక్కించి దించే చోట, గీత పడ్డ అంచుల్లో మొదలవుతుంది. లోపలి రేకుకూ రంగు వేసిన పెట్టె తీసుకోండి. వేలితో నొక్కితే వంగిపోయే పల్చటి రేకైతే తీసుకోవద్దు. హార్డ్ డిస్కులు తిరిగితే చాలు, అది రొద పెడుతుంది. పీసీని వారాల తరబడి ఆపి ఉంచడం కంటే రోజూ కాసేపు వాడటం మేలు, ఆ వెచ్చదనానికి చెమ్మ నిలవదు.

బల్లులు, ఎలుకలు దూరతాయా?

నవ్వొద్దు, ఇది నిజమైన ప్రశ్నే. వెనక స్లాట్ల రేకు పట్టీలు పారేసినవాళ్ల పెట్టెల్లో బల్లి గుడ్లు చూశాను. ఎస్‌ఎంపీఎస్‌లో దూరిన బల్లి తానూ పోతుంది, దాన్నీ తీసుకుపోతుంది. ఆ పట్టీలు దాచుకుని, ఖాళీ స్లాట్లన్నీ మూయండి. చవక పెట్టెల్లో వాటిని విరిచి తీస్తారు, మళ్లీ బిగించడానికి ఉండదు. స్క్రూతో బిగించేవి ఉన్న పెట్టె కొనండి. ఎలుకల సంగతి క్యాబినెట్ చేతిలో లేదు, పిల్లిని అడగాలి.

గాజు తలుపు మంచిదేనా?

చూడ్డానికి బాగుంటుంది. టెంపర్డ్ గాజు నడిమధ్య గుద్దినా ఓర్చుకుంటుంది కానీ అంచు మీద చిన్న దెబ్బ తగిలినా మొత్తం పోతుంది. నాకే జరిగింది. గాజు తీసి, టైల్స్ నేల మీద అంచు ఆనించి గోడకు చేర్చబోయాను. టైలు గాజు కంటే గట్టిది. "ఫట్" మని ఒక్క శబ్దం, చేతిలో ఏమీ మిగల్లేదు. గదంతా పటికబెల్లం ముక్కలు పోసినట్టు. కస్టమర్ ముందే జరిగింది, కొత్త గాజు నా డబ్బులతోనే తెప్పించాను. అప్పటి నుంచి గాజు తియ్యగానే మంచం మీద పరుపు పైన పడుకోబెడతాను. ఇంట్లో చిన్నపిల్లలుంటే రేకు తలుపు ఉన్న మోడలే తీసుకోండి.

ఎస్‌ఎంపీఎస్ వైర్లు సరిపోతాయా?

ఫుల్ టవర్లో ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. ఎస్‌ఎంపీఎస్ అడుగున ఉంటుంది, ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల సాకెట్టు బోర్డు పైమూలలో ఉంటుంది. వైరు వెనక నుంచి చుట్టి రావాలి. 60 సెం.మీ. వైరు చాలా ఫుల్ టవర్లలో బిగుసుకుపోతుంది లేదా అందదు. 70 ఉంటే ధైర్యం. కొనేముందు ఎస్‌ఎంపీఎస్ పట్టికలో వైరు పొడవు చూడండి, లేదంటే పేరున్న కంపెనీ ఎక్స్‌టెన్షన్ వైరు కూడా తెప్పించుకోండి.

పెట్టె ముట్టుకుంటే జివ్వుమంటోంది. క్యాబినెట్ లోపమా?

దాదాపు ఎప్పుడూ కాదు, ఇంటి ఎర్తింగు లోపం. ఎస్‌ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టరు కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు పెట్టె రేకులోకి వస్తుంటుంది. అది ఎర్తు వైరు గుండా భూమిలోకి పోవాలి. పాత ఇళ్లలో మూడో పిన్నుకు రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. లేదా వైరుండి, పెరట్లో ఎర్తు గుంట ఎండిపోయి ఉంటుంది. ఒకాయన ఇదే సమస్యతో రెండు క్యాబినెట్లు మార్చాడు. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి, గుంట తవ్వి ఉప్పు, బొగ్గు వేసి నాలుగు బిందెల నీళ్లు పోశాక ఆగింది. వేసవిలో ఆ గుంటలో అప్పుడప్పుడు నీళ్లు పొయ్యండి. రబ్బరు చెప్పులు వేసుకుని కూర్చోవడం మాత్రం పరిష్కారం కాదు.

నేల మీద పెట్టాలా, టేబుల్ మీదా?

ఇంత బరువు ప్లైవుడ్ కంప్యూటర్ టేబుల్ మీద పెట్టకండి. నేరుగా నేల మీదా వద్దు. రోజూ ఊడ్చిన దుమ్ము, తడిగుడ్డ నీళ్లు కింది ఫిల్టరుకే చేరతాయి. అరడుగు ఎత్తున్న ఇనుప స్టాండు వెల్డింగు షాపులో చేయించుకోండి. పల్లపు వీధుల్లో ఉండేవాళ్లు ఇంకా ఎత్తు పెట్టుకున్నా తప్పులేదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లు ఇళ్లలోకి వచ్చినవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఫ్యాన్లు ఎన్ని? లైట్లు?

ముందు మూడు, వెనక ఒకటి, పైన రేడియేటర్‌వి. చాలు. ఫ్యాన్లన్నీ ఒకే హెడర్‌కు (బోర్డు మీద వైరు తగిలించే పిన్నులు) గొలుసుగా తగిలించకండి. మామూలుగా ఒక హెడర్ ఒక ఆంపియరే మోస్తుంది. ఫ్యాన్ హబ్ (ఫ్యాన్లన్నిటికీ కరెంటు పంచే చిన్న బోర్డు) తో వచ్చే పెట్టె అయితే ఈ తలనొప్పి ఉండదు. లైట్లు మీ ఇష్టం.

ముందు వైపు టైప్-సీ పోర్టు పనిచెయ్యట్లేదు, ఎందుకు?

పెట్టెకు పోర్టున్నంత మాత్రాన చాలదు, మదర్‌బోర్డు మీద దానికి తగిన హెడర్ ఉండాలి. చాలా చవక బోర్డుల్లో ఉండదు. రెండూ చూసి కొనండి.

ఎంత పెట్టాలి, ఎక్కడ కొనాలి?

మంచి మిడ్ టవర్ ఐదారు వేల నుంచి ఉంటుంది. నిఖార్సైన ఫుల్ టవర్ అంటే పదిహేను వేలు పైమాటే, పెద్ద పేర్లవి అంతకు రెట్టింపు కూడా. 18 శాతం జీఎస్టీ కలిపి చెబుతున్నారా లేదా అడగండి. ఐదు వేలకు ఫుల్ టవర్ అని ఎవరైనా అంటే, టేపు తీసుకుని వెళ్లండి.

నెల్లూరు, ఒంగోలు షాపుల్లో ఫుల్ టవర్ బయట పెట్టి ఉండటం అరుదు, ఆర్డరు మీద తెప్పిస్తారు. కళ్లతో చూసి కొనాలంటే నెల్లూరువాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్ దగ్గర, 175 కిలోమీటర్లు. హైదరాబాదు వెళ్లే పనుంటే సికింద్రాబాదు సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్). చెన్నైలో కొన్నాక పినాకిని రైల్లో తెచ్చుకోవచ్చులే అనుకోకండి. ఒకసారి నేను తెచ్చాను. డబ్బా పైన అరలో పట్టదు, సీటు కింద దూరదు. తలుపు దగ్గర దాని మీదే కూర్చుని, గూడూరులో ఎక్కే ప్రతివాళ్లతో తిట్లు తిన్నాను. ఆన్‌లైన్లో తెప్పిస్తే డబ్బా విప్పడం మొదటి కత్తిగాటు నుంచీ వీడియో తీసుకోండి. మూల నొక్కుకుపోయి వచ్చిన పెట్టెను, వీడియో లేదని వెనక్కి తీసుకోని అనుభవం నాకుంది.

మా అన్న వాడిన పాత ఫుల్ టవర్ ఉంది. వాడుకోవచ్చా?

నిక్షేపంగా. ఏటీఎక్స్ రంధ్రాలు మారలేదు. కార్డు పొడవు కొలవండి, అడ్డొస్తే పాత డిస్కుల చట్రం స్క్రూలు విప్పి దాన్ని పక్కన పెట్టండి. ఫ్యాన్లు మార్చండి. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డు రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్లు) కొత్త బోర్డు రంధ్రాలకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయో లేదో చూడండి. రంధ్రం లేని చోట ఒక్కటి మిగిలినా బోర్డు షార్టయ్యే ప్రమాదం ఉంది.

ఇల్లు మారేటప్పుడు?

గ్రాఫిక్స్ కార్డు విప్పి విడిగా తీసుకెళ్లండి. ఆటోలో గతుకులకు ఆ బరువు వేలాడి స్లాటు విరుగుతుంది. గాజు పానెలు కూడా తీసి దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకోండి.

కొన్నాక అట్టపెట్టె పారేయొచ్చా?

వారంటీకి పంపాలన్నా, రేపు అమ్మాలన్నా అదే కావాలి. థర్మాకోల్ రెండు ముక్కలతో సహా అటక మీద పెట్టండి. ఇంట్లోవాళ్లకు చెప్పి మరీ పెట్టండి. మా అమ్మ ఇప్పటికి రెండింటిని పాతసామాన్లవాడికి వేసేసింది. రెండోసారి బదులుగా వచ్చిన ప్లాస్టిక్ మగ్గు ఇప్పటికీ బావి గట్టు మీద ఉంది.